మలుపు దగ్గర నలభై ఒక్కరు

1989 సెప్టెంబరు నాలుగో తేదీ, సోమవారం ఉదయం పదింటికి ఐదు నిమిషాల ముందు, రాష్ట్ర రవాణా ప్రణాళికా విభాగంలో జూనియర్ పరిశోధన సహాయకురాలిగా మా మేడమ్ గారు తొలి సంతకం చేశారు. వారికి కేటాయించిన బల్ల కిటికీ పక్కన కాక గోడ పక్కన పడింది. ఆ గోడ నిండా రాష్ట్ర బస్సు మార్గాల పటం వేలాడుతూ ఉండేది. కిటికీ దొరికినవారు వీధిని చూస్తూ ఉద్యోగం చేశారనీ, గోడ దొరికిన ఈమె రాష్ట్రమంతా చూస్తూ చేశారనీ మా పాతవారు నేటికీ చెప్పుకుంటారు.

నేను గుమాస్తాగా చేరిన 1996 నాటికి వారు ప్రణాళికాధికారి అయ్యారు. మధ్యాహ్నం ఫ్యాన్లు మెల్లగా తిరుగుతూ, టైపు మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయే వేళ, వారు చెంపకు చేయి ఆనించి ఆ పటం ముందు కూర్చునేవారు. చూసినవారు కునుకు తీస్తున్నారనుకునేవారు. ఒకసారి నేను ఫైలు పట్టుకొని వెళ్లి చాలాసేపు నిలబడ్డాను.

"కూర్చోండి. ఇప్పుడే వంతెన దాటాం" అన్నారు.

"ఎవరం మేడమ్?"

"బస్సులో ఉన్నవాళ్లం. ఇక్కడొక అవ్వ ఎక్కుతుంది. ఆమె మూట లోపల పెట్టేదాకా ఆగాలిగా."

అక్కడ బస్సూ లేదు, మార్గమూ లేదు. రెండేళ్ల తరువాత రెండూ వచ్చాయి. లేని బస్సుల్లో ముందుగా ప్రయాణించి, ఆపైన వాటికి నిధులు కోరడం వారి పద్ధతి. ఏ ప్రతిపాదన మీదైనా సంతకం చేసే ముందు ఆ మార్గం చివరిదాకా వెళ్లి, ఒక పూట కూర్చొని రావడం వారి నియమం. అందుకే మా విభాగంలో వారికి 'చివరి స్టాపు మేడమ్' అన్న పేరు స్థిరపడింది. డ్రాయింగు మాస్టరైన వారి భర్తగారు, "మా ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో ఆవిడకి తెలీదండీ. కానీ ఏ బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో అడగండి, నిద్రలో కూడా చెప్తుంది" అంటూ ఉంటారు.

అటువంటి వారు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చివరి స్టాపుకు స్వయంగా వెళ్లలేకపోయారు. 2004 ఆగస్టులో వారి అమ్మాయి జ్వరంతో మంచం పట్టడంతో, పంతొమ్మిదో నంబరు బస్సు ప్రయాణికుల లెక్కకు నన్ను పంపారు. ఆ మార్గంలో ఆఖరి ఆరు కిలోమీటర్లు గుట్ట మీదికి ఎక్కుతాయి. ట్రిప్పుకు పన్నెండు మందికన్నా తక్కువ ఎక్కే భాగానికి ప్రభుత్వ సాయం నిలిపివేయాలన్నది ఆనాటి నిబంధన. బయలుదేరే ముందు దేవుడి ముందు దీపం వెలిగించి, "నిజాయతీగా లెక్కపెట్టేలా చూడు స్వామీ" అని దణ్ణం పెట్టుకున్నాను. తెల్లవారుజామున గుట్టపైనున్న ఆఖరి స్టాపులో నిలబడ్డాను. మొదటి రోజు నలుగురు ఎక్కారు, రెండో రోజు ముగ్గురు. అదే రాశాను.

అయితే నేను మరొకటి కూడా చూశాను. నాలుగు వందల అడుగుల కింద, రోడ్డు మలుపు తిరిగే చోట, మంచులో కొందరు నిలబడి ఉన్నారు. సగం గీసి వదిలేసిన బొమ్మల్లా కనిపించారు. పైకి ఎక్కే ఓపిక లేక వారు అక్కడే చెయ్యెత్తేవారు. డ్రైవరు దయతలచి ఆపేవాడు. అది స్టాపు కాదు గనుక కండక్టరు కూడా గుట్ట దిగాక వచ్చే స్టాపు నుంచే టికెట్టు కొట్టేవాడు. నా ఫారంలో 'స్టాపులో ఎక్కినవారు' అన్న గడి మాత్రమే ఉంది. మలుపులో నిలబడ్డవారికి గడి లేదు. నేను ఫారం మడిచి జేబులో పెట్టుకొని వచ్చేశాను. నవంబరు ఒకటి నుంచి బస్సు గుట్ట ఎక్కడం మానేసింది.

డిసెంబరు మధ్యలో, ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. రోజూ చీకటి ఉండగానే గుట్ట దిగి ఆరు కిలోమీటర్లు నడిచినా, ఆరు గంటల డ్యూటీకి ఆలస్యమవుతోందట. కొత్త సంవత్సరం నుంచీ వేళకు రాకపోతే మరొకరిని పెట్టుకుంటామని సూపర్‌వైజరు చెప్పేశాడట. ఆమె కోపగించుకోలేదు. నా ఫారం తీయించి, బల్ల మీద పరిచి, వేలితో గడులన్నీ తడిమింది.

"ఇందులో నేనెక్కడున్నానండీ?" అంది.

మేడమ్ గారు లేచి ఆమెకు తమ కుర్చీ ఇచ్చారు. మర్నాడు తెల్లవారుజామున ఆ మలుపు దగ్గర, ఇక రాని బస్సు కోసం కాక నడక కోసం పోగైనవారిని, మేడమ్ గారే వెళ్లి ఒక్కొక్కరినీ పలకరించి లెక్కపెట్టారు. నలభై ఒక్కరు.

ఇక మిగిలింది ఫైలు. 'కొత్త సమాచారం అందింది' అని రాస్తే ఆ మార్గం వచ్చే ఏప్రిల్ నుంచి అమలయ్యే ప్రణాళికలో చేరుతుంది. 'మా లెక్క తప్పు' అని రాస్తేనే డిసెంబరు నెలాఖరు సవరణలో చేరుతుంది. అదే వారంలో మేడమ్ గారికి ఉపసంచాలక పదవి ఇంటర్వ్యూ. మా పెద్దాఫీసరు గారు వారిని పిలిచి మెత్తగానే చెప్పారు.

"ఇంటర్వ్యూ పెట్టుకొని తప్పు మాదే అని రాసుకుంటామా అమ్మా? కొత్త సమాచారం అని రాయండి. మీకూ మంచిది, మాకూ మంచిది."

"కొత్త సమాచారం కాదు సార్. వాళ్లు అప్పుడూ అక్కడే ఉన్నారు."

బయటికి వచ్చాక నేను వారి వెంటపడ్డాను. "లెక్క పెట్టింది నేను మేడమ్. నా పేరే రాయండి. నాకేం ఇంటర్వ్యూలు లేవుగా."

"ఉన్న గడులు మీరు నింపారు. గడి పెట్టడం మర్చిపోయింది నేను. ఆ ఫారం తయారు చేసిందెవరనుకున్నారు?" అని నవ్వి, "పెద్ద త్యాగమూర్తిలా మొహం పెట్టకండి, వెళ్లి టీ చెప్పండి" అన్నారు.

వారు రాసింది మూడే వాక్యాలు. లెక్క తప్పు. తప్పు ఫారంది. ఫారం నాది.

2005 జనవరి మూడో తేదీ ఉదయం మేమిద్దరం ఆ మలుపు దగ్గర నిలబడ్డాం. ముందు చప్పుడు వినిపించింది. తరువాత మంచు కొద్దిగా పసుపుపచ్చగా మారింది. ఆ పసుపులోంచి బస్సు మెల్లగా, ఇంకా నిద్ర తీరనిదానిలా, బయటికి వచ్చింది. లాండ్రీ ఆమె మెట్టెక్కి వెనక్కి తిరిగి, "రండమ్మా, సీటుంది" అంది. మేడమ్ గారు ఎక్కారు. ఆస్పత్రి గేటు దగ్గర ఆమె దిగేసరికి ఆరు కావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలు ఉన్నాయి.

ఆ ఏడాది పదవి మరొకరికి దక్కింది. మేడమ్ గారికి అది మూడేళ్ల తరువాత వచ్చింది. ఆ తరువాత సంయుక్త సంచాలకులుగా ఎన్నో మార్గాలకు నిధులు తెచ్చారు. వాటి వివరాలు ఈ వీడ్కోలు సంచికలోనే వేరొక చోట ఉన్నాయి. నేను చెప్పదలచింది ఒక్క గడి గురించి. 'స్టాపు కాని చోట ఎదురుచూసినవారు' అన్న గడి ఆనాటి నుంచి మా ప్రతి ఫారంలోనూ ఉంది. మలుపులో స్టాపు పెట్టడం ప్రమాదమని, రోడ్డు వెడల్పు చేయడానికి నిధులు లేవని, వారి ప్రతిపాదన ఏటా తిరిగి వచ్చేది. వారు ఏటా మళ్లీ పంపేవారు. ఈ ఏడాది అది మంజూరైంది. గత నెలలో కుర్చీ వేసుకొని ఎక్కి, పటంలో ఆ మలుపు దగ్గర ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టి దిగారు. కుర్చీ పట్టుకున్నది నేనే.

పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. దీపం ముందు నిలబడినప్పుడు ఇప్పటికీ ఒక ప్రశ్న అడుగుతూ ఉంటాను: నిజాయతీగా పెట్టిన లెక్క అబద్ధం ఎలా అయింది స్వామీ? దేవుడి లెక్కలో అందరికీ గడి ఉంటుందని నమ్ముతాను. మనుషుల లెక్కలో మాత్రం, ఎవరో ఒకరు తెల్లవారుజామున వెళ్లి నిలబడితే తప్ప ఉండదని మేడమ్ గారి వల్ల తెలుసుకున్నాను.

ఈ నెల ముప్పయ్యో తేదీన వారు పదవీ విరమణ చేస్తున్నారు. కబురు విన్న లాండ్రీ ఆమె, ఇప్పుడు అదే లాండ్రీకి పెద్ద, నాకు ఫోన్ చేసి, "మేడమ్‌ని ఒకసారి తీసుకురండి. ఈసారి లెక్కకి కాదు, ఊరికే కూర్చోడానికి. మలుపు స్టాపులో బెంచీ వేశారుగా" అంది.

మేడమ్ గారూ, ఆ బెంచీ మీద మీరు భర్తగారితో, అమ్మాయితో కలిసి తీరిగ్గా కూర్చొనే ఉదయాలు ఎన్నో ఉండాలనీ, మీ మోకాళ్లు గుట్టలకు భయపడకూడదనీ, మీ కళ్లకు చివరి స్టాపు దాటి ఇంకా చాలా దారి కనిపిస్తూనే ఉండాలనీ కోరుకుంటున్నాను. నిండు నూరేళ్ల పాటు, మీరు ఎక్కడ నిలబడి చెయ్యెత్తినా, అది స్టాపు అయినా కాకపోయినా, మీకోసం బస్సు ఆగాలని రోజూ దీపం ముందు అడుగుతూ ఉంటాను.