కాసులమ్మ బోటుకి జంట లివర్లు

కాసులమ్మకి మొగుడూ తమ్ముడూ ఒకటే బోటుమీద వేటకెళ్ళీవోరు. మొగుడు ఎల్లాజీ, తమ్ముడు మసేను. ఆ బోటు చూస్తే చిన్నది, నలుగురెక్కితే ఐదోవోడు కాలు పెట్టడానికి చోటుండదు, గానీ ఎనకాల ఇంజన్లు మాత్రం రెండు. ఒకటి ఎల్లాజీ తెచ్చింది, ఒకటి మసేను తెచ్చింది. నడిసంద్రంలో ఒకటి మొరాయించినా రెండోది ఇంటికి చేరస్తాదని అలాగ పెట్టుకున్నారంట. మంచిదే, నాను కాదన్ను. అయితే ఏటయ్యిందంటే, ఎవడి ఇంజను పిడి ఆడే పట్టుకోవాల. ఇంకోడు చెయ్యేస్తే ఒళ్ళోని చంటిపిల్లని లాగీసుకున్నట్టు గింజుకునీవోడు. ఇద్దరూ ఇద్దరే. ఒకపాలి సర్కారోళ్ళు వేట ఆపీసీ రోజులు దగ్గర పడతన్నాయనగా, ఒడ్డుకొస్తంటే, కెరటాలు విరిగే కాడ ఎనకనుంచి పెద్ద కెరటం లేచినాదంట. ఎల్లాజీ ఏమో రేజింగు పెంచీసినాడు, దానికంటే ముందు ఒడ్డు పట్టీద్దామని. మసేను ఏమో ఆపీసినాడు, కెరటాన్ని ముందు పోనిద్దామని. ఇద్దరిదీ తెలివే! ఒక పక్క ఇంజను తోస్తంది, ఇంకో పక్కది పడుకుంది, ఇంకేటుంది, బోటు అడ్డం తిరిగిపోయి బోర్లా పడిపోనాది. వల పోనాది, చేప పోనాది, ఈళ్ళిద్దరూ ఉప్పునీళ్ళు కక్కుకుంటా ఒడ్డున పడినారు. కాసులమ్మ గంప పట్టుకొని అక్కడే ఉంది మరి. కళ్ళారా చూసినాది. ఇటు పసుపుకుంకాలు, అటు పుట్టింటి దీపం, రెండూ ఒక్కపాలే నీళ్ళలో మునిగి తేలినాయి దానికి. ఆ వణుకు ఎన్నాళ్ళకీ పోనేదంట.

ఆ ఇద్దరికీ వణుకేటి? 'నీ వల్లే' అన్నాడు ఎల్లాజీ. 'నీ వల్లే' అన్నాడు మసేను. అంతే, మాటలు కట్. వేట నేని రోజులు గదా, ఇంటికాడ ఒకటే అరుగు మీద కూకుంటారు, ఒకటే గిన్నెలోది తింటారు, మాట మాత్రం కాసులమ్మ మీదుగానే పోవాల. 'కాసులూ, అగ్గిపెట్టుందేమో అడుగు మీ తమ్ముణ్ణి' అంటాడు ఎల్లాజీ. అగ్గిపెట్టె ఆడి చేతిలోనే ఉంటాది. 'నేదని చెప్పప్పా మీ ఆయనకి' అంటాడు ఆడు. నవ్వకండర్రా, మీ ఇళ్ళల్లో నేదేటి? కాసులమ్మ ఇటు తిరిగి నేదంట అనీది, అటు తిరిగి విన్నాడంట అనీది. పొయ్యి కాడ కూర మాడిపోనాదనుకో, ఈళ్ళ కబుర్లు మొయ్యడంతోటి.

మొయ్యగా మొయ్యగా దానికి ఒకరోజు ఇసుగొచ్చీసినాది. ఈ మొకాలెట్టుకొని మళ్ళా సంద్రంలోకెళ్తే ఈపాలి ఇద్దరూ రారు అనుకున్నాది. హార్బరు కాడికి ఎండుచేపలకెళ్ళినప్పుడు అక్కడ మెకానిక్కుని అడిగినాదంట, 'బాబూ, రెండింజన్లూ ఒక్క మనిషి నడపడానికి ఏటైనా ఉందా' అని. ఎందుకు నేదమ్మా అన్నాడు. ఒక పెట్టె, దానికి రెండు లివర్లు. ఇంజనుకి రెండేసి కేబుళ్ళు, ఒకటి గేరుకి, ఒకటి రేజింగుకి. లివరు ముందుకి తోస్తే ముందుకెళ్తాది, మధ్యలో ఉంచితే ఊరకుంటాది, ఎనక్కి లాగితే ఎనక్కొస్తాది. రెండింజన్లనీ ఒక కడ్డీతోటి కలిపీసి స్టీరింగు చక్రం పెట్టుకుంటే, ఒక్కడు కూకొని అంతా నడపొచ్చు అన్నాడు. కాసులమ్మ ఆ సామానంతా గంపలో ఏసుకొని వచ్చీసినాది. తెచ్చి అరుగు మీద దబీమని పడీసి, 'ఇది బిగించీదాకా బోటు నీళ్ళు చూడదు. దించితే నాను అడ్డంగా పడుకుంటాను. చక్రం కాడ పెద్దోడు మా ఆయన కూకుంటాడు, ఇంజన్ల కాడ నువ్వుండు తమ్ముడూ. ఇంకోటి, ఇయ్యాళ్టినించి నా ఇంజను నీ ఇంజను అన్నోడికి ఈ ఇంట్లో కూడు నేదు' అన్నాది. మసేను పళ్ళు నూరినాడు. గానీ అప్ప మాట, ఏటంటాడు?

సరే, బిగింపు మొదలెట్టినారు. ఇంజన్ల కాడ మసేను తగిలించాల, పెట్టె కాడ ఎల్లాజీ తగిలించాల. మొదటి రోజు మసేను తన పని చేసుకున్నాడు. అప్పటికి బోటు ఇసకలో ఎలాగుంది? బోర్లా పడినదాన్ని ఒడ్డుకి లాగినప్పుడు ఎలాగ పెట్టినారో అలాగే, ముక్కు ఊరివైపు పెట్టుకొని ఉంది. మనవోళ్ళకి కుడీ ఎడమా అలవాటు నేదు గదా, కంచం ఎక్కడుందంటే తూర్పునుందంటాం. ఆడు ఉత్తరం పక్కనున్న ఇంజను కేబుళ్ళకి ఎర్రగుడ్డ పీలిక కట్టి, చెక్కల కిందనుంచి ముందరికి లాగి, 'అప్పా, ఎర్రగుడ్డది ఉత్తరపింజనుదని చెప్పు మీ ఆయనకి' అన్నాడు. అసలైతే ఆ ఇంజను ఆడిదే. నా ఇంజనుది అంటే సరిపోయీది. గానీ అలాగంటే కూడు నేదు గదా! కాసులమ్మ ఉన్నదున్నట్టు మొగుడికి చెప్పీసినాది, ఒక్క అచ్చరం పొల్లుపోనేదు.

ఆ మర్నాడు పొద్దున్న పేటలోవోళ్ళంతా వచ్చి, వేట దగ్గరికొచ్చింది గదాని, హైలెస్సా అని బోటుని తిప్పి ముక్కు సంద్రం వైపు పెట్టినారు. తరవాత ఎల్లాజీ వచ్చి కూకున్నాడు. కేబుళ్ళు చెక్కల కిందనుంచి వస్తన్నాయి, ఏది ఎక్కడిదో కనబడదు. ఎర్రగుడ్డ చూసినాడు, ఉత్తరం పక్క లివరుకి తగిలించినాడు. అర్థమయ్యిందా? నేదా? బోటు తిరిగిపోనాది గదర్రా! నిన్న ఉత్తరానున్న ఇంజను ఇయ్యాళ దక్షిణానుంది. గుడ్డకి తెలుస్తాదేటి? ఆ మాట మసేనునే అడిగితే ఆడు చెప్పీవోడు. అడిగితే పరువు పోద్దే! రెండు లివర్లూ కలిపి తోసి చూసినాడు, ఎనకాల రెండూ కదిలినాయి, ఆయ్, బాగుందనుకున్నాడు.

బోటు దించినారు. ఆ ఇద్దరే ఎక్కినారు, ముందర ఎల్లాజీ, ఎనకాల మసేను. రెండు లివర్లూ జంటగా తోస్తే బోటు బాణంలాగ పోనాది. ఒడ్డునున్నోళ్ళు ఈలలేసినారు. కాసులమ్మ మాత్రం చెంగు నోట్లో కుక్కుకొని నిలబడింది. కెరటాలు దాటినారు, ఒక చుట్టు తిరిగినారు, మళ్ళా ఒడ్డుకి మొకం పెట్టినారు. అప్పుడొచ్చినాదమ్మా కెరటం, ఎనకనుంచి. బోటు ముక్కుని ఉత్తరానికి నెట్టీసినాది. తిన్నగా తేవాలంటే చక్రమొక్కటీ చాలదు, ఉత్తరపింజను తొయ్యాల, దక్షిణపుది తగ్గించాల. ఎల్లాజీ అదే చేసినాడు. లివరు తోస్తంటే బోటు ఇంకా అడ్డం తిరగతంది. ఇంకా తోసినాడు, ఇంకా తిరిగినాది. ఎనకాల మసేనుకి కడుపు మండిపోతంది. చూస్తే ఆడి ఇంజను పడుకుంది, బావ ఇంజను అరుస్తంది. నా ఇంజను పీక నొక్కి తన ఇంజను తోలుకుంటన్నాడు, చచ్చీటప్పుడు కూడా ఈడికి ఇదేనా అనుకున్నాడు. తిడదామని తలెత్తి బావ చేతులకేసి చూసినాడు. చేయేమో ఉత్తరపు లివరు మీదుంది. అరిచీదేమో దక్షిణపింజను. అప్పుడు ఎలిగినాది బుర్ర. చెప్పాల! ఎవరితోటి చెప్పించాల? కాసులమ్మ ఒడ్డునుంది. ఒక్క చిటికె ఆడు ఒడ్డుకేసి చూసినాడంట, అప్పా అని పిలుద్దామన్నట్టు! అలవాటు గదా.

'ఓరి బావా! లివర్లు మారిపోనాయిరా! దక్షిణపుది తొయ్యి! దక్షిణపుది!' అని గొంతు చిరిగీలాగ అరిచినాడు. ఎల్లాజీ ఎనక్కి తిరిగి చూడనేదు, ఏటి ఎందుకు అన్నేదు. ఆ గొంతు నమ్మినాడు. ఇది లాగి అది తోసినాడు. ముక్కు తిరిగినాది, కెరటం బోటుని కిందనుంచి ఎత్తి తీసుకొచ్చి ఇసకలో కూకోబెట్టీసినాది.

దిగీ దిగగానే ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. 'ఉత్తరం అన్నావు గదరా!' అంటాడు ఎల్లాజీ. 'బోటు తిప్పీసినారు గదా, నీకు కళ్ళు నేవా బావా!' అంటాడు మసేను. ఊరంతా ఇడదీయబోతే కాసులమ్మ చేతులడ్డమెట్టి, 'ఎవరూ పోకండి, కొట్టుకోనీండి, ఇద్దరూ నా కళ్ళముందు ఒడ్డునున్నారు, నాకింకేటొద్దు' అని ఇసకలో కూలబడి భోరుమని ఏడ్చినాదంట. ఆ సాయంత్రమే కేబుళ్ళు మార్చినారు, ఒకడు ముందర, ఒకడు ఎనకాల, ఇదా, అదా, కాదెహే, ఔనెహే అని అరుచుకుంటా. ఈదిలో అందరికీ వినబడ్డాది. పని ముగించుకొని, ఆకలేసి ఇంటికొస్తే పొయ్యి ఎలగనేదు. కాసులమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకొని ఉంది. 'కాసులూ, కూడేది?' అన్నాడు మొగుడు. 'అప్పా, ఆకలే' అన్నాడు తమ్ముడు. 'మీకు మాటలొచ్చీసినాయి గదా,' అందంట కాసులమ్మ, 'ఒకరికొకరు చెప్పుకొని వొండుకోండి. నా నోరు నొప్పెడతంది.' ఏం వొండినారో మరి, నానడగనేదు. ఆ కూర ఉప్పు కషాయమని మసేను ఇప్పటికీ అంటాడు, వొండినోడు ఎల్లాజీ గదా.