ఎండదెబ్బ అన్నారు

హలో… ఆ, నానేరా అనిల్, అక్కని. బండి తోలతన్నావా?… ఆపీసినావా. ఎక్కడ?… హైవే మీద, మందస దాటి, టీ కొట్టు కాడ. మరి సూపర్‌వైజర్ పైడయ్య?… టీకి దిగాడా. సరే, నువ్వు దిగకు. ఇను.

బండిలో ఎవుల్ని ఎక్కించారు?… సంతోషి. అవును, ఆ ఒరియా పిల్లే. ఏటైందని సెప్పారు నీకు?… ఎండదెబ్బ. ఊరెల్తానని తనే అడిగిందన్నారా… ఇచ్ఛాపురం అవతల దింపీసి రమ్మన్నారు.

ఎనక్కెల్లి దుప్పటి తీసి సూడు.

…నాను సెప్పను. నువ్వే సూడు.

…

అనిల్?… సూసినావా?

…అవును. సేతులు, మెడ, అంతా. ఎండదెబ్బ కాదురా. పొద్దున్న జీడిపిక్కలు ఉడికించేకాడ ఆవిరి గొట్టం పగిలింది. పక్కనున్న ఆడోళ్ళు నీళ్ళు పోసినారు. వోనరు ఫ్యాక్టరీ గేటుకి తాళం ఏయించి, అందరి ఫోనులూ లాగీసుకున్నాడు. అక్కడ పన్జేసే భాను గోడ దూకి వొచ్చి మా జీడి కూలీల సంఘం ఆఫీసులో సెప్పింది.

ఊపిరుందా?… ముక్కు కాడ సెయ్యెట్టి సూడు… ఉందా. అయితే బేగి తిప్పు. పలాస ఆస్పత్రికి.

…పైడయ్య ఊరుకోడు, తెలుసు. ఉద్యోగం పోద్ది, అదీ తెలుసు. నీ సేత ఏదైనా సంతకం ఎట్టించారా?… ఏటి రాసుంది అందులో?… సదవనేదా. తీసి సదువు.

…'నా ఇష్టంతో, నా బాధ్యత మీద.' అర్థమైందా? దార్లో ఆ పిల్లకేటైనా అయితే, తీసుకెల్లినోడివి నువ్వు. ఫ్యాక్టరీ రిజిస్టర్లో దాని పేరే నేదు. ఆ రేకుల షెడ్డులో పన్నెండు మంది ఒరియా ఆడోళ్ళుంటే ఒక్కరి పేరూ నేదు. ఆధార్ కార్డులన్నీ వోనరు బీరువాలో ఉన్నాయి.

…మా సంఘమా?… మేమూ ఆళ్ళ పేర్లు రాసుకోనేదురా. తక్కువ కూలికొచ్చి మన నోట్లో మట్టి కొడతన్నారని మీటింగులో లేచి వొద్దన్నది నానే. సంతోషి రెండుసార్లు ఆఫీసు గుమ్మం కాడికొచ్చింది. లోపలికి రమ్మని కూడా అననేదు నాను…

…ఏడకు. బండి స్టార్ట్ సెయ్యి.

…ఎవులొత్తన్నారు?… అనిల్?

…

హలో… ఎవులు? పైడయ్యగారా. మా తమ్ముడి ఫోను మీ సేతికెలాగొచ్చింది?… కిటికీలోంచి లాక్కున్నారా. ఆడికియ్యండి… ఏటి మాటాడాలో నాకు తెలుసు. ఆ పిల్లకి ఊపిరుంది, ఆస్పత్రికెల్లాల…

…ఆ బండి చప్పుడేటండి?

…తిప్పీసాడా? మిమ్మల్ని రోడ్డు మీద వొగ్గీసి, పలాస వైపే?

…అరవకండి, సెప్పండి… ఏటి?… ఎంత దూరం పోతాడా… వోనరు కారు మీ ఎనకాలే బయల్దేరిందా. పలాస దార్లో హరిపురం జంక్షన్ కాడుందా… నలుగురు మనుషులు కూడానా.

…మా తమ్ముడు ఇంటికి రాడా?

పైడయ్యగారూ, ఆ మాట మల్లీ అనండి. ఫోను స్పీకర్లో ఉంది. ఇక్కడ సంఘం ఆఫీసులో నలభై మంది ఆడోళ్ళం ఇంటన్నాం.

…హలో?

…

కట్ సేసీసాడు. లేవండమ్మా. భానూ, నువ్వు నూట ఎనిమిదికి కొట్టు, తర్వాత పోలీసులకి. మిగతావోళ్ళు ఆటోలెక్కండి. హరిపురం.