చిలుం పట్టిన మెడలు

అంకమ్మకి ఆ పొద్దు కాలు నిలవట్లేదంట. చెయ్యి మిరపకాయలు కోస్తానే ఉంది గానీ, చూపంతా చేని పక్క డొంక దారి మీదే. ఎందుకంటే, మొగుడు బసవయ్య పొద్దున్నే చెప్పేశాడు, ఇయ్యాల గేదెని సంతకి తోలుకుపోతన్నా, వచ్చేటప్పుడు నీ పుస్తెలు విడిపించుకొస్తా అని. ఏమైందంటే, మూడేళ్ళ కిందట ఫైనాన్సు కంపెనీ బోర్డు తిప్పేస్తే దాచుకున్న డబ్బుతో ఊరు ఊరంతా మునిగింది, ఆ ఏడే కరువు కూడా. ఆడోళ్ళ పుస్తెలన్నీ తాకట్టు కొట్లోకి పోయినయ్, మెడల్లో పసుపు కొమ్ములు మిగిలినయ్. తర్వాత రెండు పంటలు చేతికొచ్చినయ్ అనుకోండి, ఒక్కో మెడా మళ్ళీ మెరవటం మొదలెట్టింది. అంకమ్మ మెడలోనే ఇంకా పసుపు కొమ్ము. "అందరి పెళ్ళాలకీ బంగారమొచ్చింది, నేనొక్కణ్ణే చేతగానోణ్ణా?" అంటాడు బసవయ్య. "మధ్యలో గేదేం చేసిందయ్యా? ఆ కరువులో మనకి కూడు పెట్టింది దాని పాలేగా! మళ్ళీ పంట పోతే పుస్తెలు పిండుకు తాగుతామా?" అంటది అంకమ్మ. వింటాడా? పరువేమో మొగోడిది, ఏలాడేదేమో ఆడదాని మెడలో. ఇదేం చిత్రమో మీరే చెప్పండమ్మా.

ఎండ నడినెత్తికొచ్చింది. ఆడోళ్ళంతా బోరు కాడ మొహాలు కడుక్కుంటన్నారు. పేరమ్మ పుస్తెల గొలుసు పక్కకి జరిపి మెడ రుద్దుకుంటా ఉంటే, అంకమ్మ చూసింది, ఆకుపచ్చ చార! "వదినా, ఇదేందే, చిలుం!" అంది. పేరమ్మ గబుక్కున కొంగు కప్పుకుని, "అరవమాకే తల్లీ, గిల్టుది. నోరెత్తితే చంపుతానన్నాడు మీ అన్న" అందంట. వెనక నించి ఆదిలక్ష్మి, "నీదీ గిల్టేనా పిన్నీ?" అనేసి నాలిక్కరుచుకుంది. ఇంకేముంది, ఆ మెడా ఈ మెడా, ఎవురిది చూసినా చిలుమే. నిన్నటిదాకా ఒకళ్ళ మెడ చూసి ఒకళ్ళు కుళ్ళుకున్నోళ్ళు, పొట్ట పట్టుకుని నవ్వుతన్నారు.

అంతలో సంతకి పోతా డొంకలో బసవయ్య, వెనక గేదె. అంకమ్మ పరిగెత్తి పలుపు పట్టుకుంది. "వదలవే, నలుగురూ చూస్తన్నారు" అన్నాడు. "నువ్వే చూడు ఆ నలుగుర్నీ" అంది. పేరమ్మ ముందుకొచ్చి, "చూడన్నయ్యా, మా ఇంటాయన చేయించిన బంగారం" అని మెడ చూపించింది. ఆ వెనక ఆదిలక్ష్మి. ఆ వెనక అందరూ. బసవయ్య మొహం ఎటు తిప్పినా మెడే. సణుక్కుంటానే గేదెని ఇంటి దారి పట్టించాడంట.

పట్నం నించి ఇప్పుడు కొత్త ఫైనాన్సు కంపెనీ వాళ్ళొచ్చారు. ఆడోళ్ళ మెడలు చూసి, ఊరు కోలుకుంది, అప్పులియ్యొచ్చు అనుకుని గడపగడపా తొక్కుతన్నారంట. అంకమ్మ గడప మాత్రం తొక్కలా, దీని కాడ ఏముందిలే అని. ఊరు మొత్తం మీద అదృష్టవంతురాలు అదొక్కతే అనుకోండి.