కెమెరాకి పట్టీ

కెనడాలోని సస్కాచువాన్‌లో ఒక పొలం ఇల్లు. కోతల కాలం, వాన పడి పని ఆగిన ఉదయం. వంటింటి మూల కంప్యూటర్ ముందు వెర్నా. ఊళ్లో పెట్రోలు బంకు దగ్గర కాఫీ తాగి, అప్పుడే లోపలికొచ్చాడు ఆమె భర్త ఒరెస్ట్.

“పాస్‌వర్డా? నీకా? ఎందుకు?”

“ఎందుకేంటి? నాకు వేరేగా ఒకటి కావాలి. నీ పేరు నొక్కితే నీది తెరుచుకోవాలి, నా పేరు నొక్కితే నాది. అంతే. బూట్లు గుమ్మం దగ్గర విప్పు ఒరెస్ట్, బురద.”

“ఇంట్లో ఉన్నదే ఇద్దరం. ఉన్నదొక్క కంప్యూటర్. అందులో మళ్లీ గోడ కట్టుకుంటావా?”

“కట్టుకుంటాను.”

“ఈ ఊళ్లో ఎవడైనా తలుపుకి తాళం వేస్తాడా? మన తాళంచెవి ఎక్కడుందో నీకైనా తెలుసా?”

“తెలీదు.”

“నాకూ తెలీదు. ట్రక్కు తాళం ట్రక్కులోనే వేలాడుతుంది. అట్లాంటి ఊళ్లో నువ్వు మీ అక్కకి రాసే కబుర్లకి తాళం! ఏముంటుందట అందులో? మోకాలి నొప్పి, దోసకాయల ఊరగాయ.”

“మోకాలి నొప్పి ఉంటుందని నీకెట్లా తెలుసు?”

“ఎట్లా ఏంటి... నీకు మోకాలి నొప్పి ఉందిగా. రాస్తావని ఊహించా.”

“ఓహో. ఊహించావు.”

“అసలు దాచాల్సింది ఏదైనా ఉంటేనేగా మనిషి దాచుకునేది?”

“మరి ఆ కెమెరాకి పట్టీ ఎవరు వేశారు?”

“ఏ కెమెరా?”

“ఇదిగో, తెర మీద. గాయానికి వేసే పట్టీ. మనవడి కోసం కొన్న డబ్బాలోంచి, డైనోసార్ బొమ్మలున్నది తీసి అంటించావు. అది చాల్లేదని దాని మీద ఇంకోటి. ఏం చూస్తారని? నీ బట్టతలనా?”

“అది వేరు. వాళ్లు వేరు. గవర్నమెంటు, కంపెనీలు... ఒక్కసారి ట్రాక్టర్ టైరు రేటు చూశానా, ఇక ఏది తెరిచినా టైర్లే! నేనేం వెతికితే వాడికెందుకు? వాళ్లు మన ఇంట్లోకి తొంగి చూస్తున్నారు వెర్నా!”

“అందుకని పడుకునే ముందు ఇంటర్నెట్ డబ్బా తీగ పీకేస్తావు. అడ్రసున్న కవర్లన్నీ పొయ్యిలో తగలేస్తావు. కంప్యూటర్‌కి ఇంత పొడుగు పాస్‌వర్డ్ పెట్టి, గుర్తుండదని కాగితమ్మీద రాసి దాని మొహానికే అంటించావు.”

“నవ్వు, నవ్వు. నా ఇంట్లో నేనేం చేసుకుంటున్నానో ఎవడో చూస్తుంటే నాకు మండదా?”

“మండుతుంది. నాకూ మండుతోంది. పొద్దుట్నించీ అదే చెప్తున్నా.”

“నీకెందుకు మంట? ఎవరేమన్నారు?”

“మొదట ఎవరూ ఏమీ అనలేదు. అదే నా మంట. నిన్న చర్చి హాల్లో విందుకి బంగాళదుంప కూరి పెరోగీలు చేస్తున్నాం. ఇన్నేళ్లూ పిండి కలిపేది ఎవరు?”

“నువ్వే.”

“నిన్న వెళ్లేసరికి పిండి దగ్గర ఓక్సానా నిలబడి ఉంది. నాకు గిన్నెలు తోమే తొట్టి చూపించారు.”

“ఓక్సానా చెయ్యి కూడా మంచిదేగా...”

“అది చేసిన పెరోగీ నీళ్లలో వెయ్యగానే నోరు తెరిచి లోపలి బంగాళదుంపంతా కక్కేస్తుంది. మాట మార్చకు. ఎందుకు మార్చారని అడిగితే ఒక్కతీ నా మొహం చూడదు. చివరికి స్టెల్లా చెప్పింది.”

“ఏ స్టెల్లా? బంకులో స్టెల్లానా?”

“మీకు కాఫీ పోసే స్టెల్లానే. ‘పోయినేడు విందుకి నువ్విచ్చిన పెరోగీలు సిటీలో షాపులో కొన్నవటగా వెర్నా? ఐసులో గడ్డ కట్టినవి, సంచి చించి గిన్నెలో పోసి తెచ్చావటగా?’ అంది. అందరి ముందూ.”

“అయ్యో. అది కొంచెం... కానీ కొన్నవి కొన్నవేగా మరి.”

“ఎవరు చెప్పారు కొన్నవని?”

“ఎవరో అనుకుంటున్నారు. బంకులో.”

“బంకులో ఎవరు?”

“అందరూ.”

“అందరిలో మొదట ఎవరు?”

“నాకేం తెలుసు! నేను వెళ్లేసరికే మాట నడుస్తోంది. డార్సీ అన్నాడో, వాళ్ల బావమరిది అన్నాడో...”

“అవి కొన్నవి కావు ఒరెస్ట్. ఒక్కటి కూడా. ఈ బల్ల మీదే పిండి ఒత్తి, నా వేళ్లతో అంచులు నొక్కాను. నువ్వు పొలంలో కోత మిషన్ మీద ఉన్నావు, నీకు తెలీదు.”

“మరి కొన్నానని రాశావుగా!”

“ఏమన్నావు?”

“అంటే...”

“ఎక్కడ రాశాను?”

“అంటే, నేననేది...”

“చెప్పు. ఎక్కడ రాశాను?”

“చూశావా, ఇందుకే నేను మొత్తుకునేది! ఎవడో కంప్యూటర్లోకి చొరబడ్డాడు. రోజూ వార్తల్లో వస్తూనే ఉంది. ఏ దేశం వాడో...”

“ఏ దేశం వాడో సముద్రం అవతల కూర్చుని, నా పెరోగీల సంగతి చదివి, ఆగలేక విమానమెక్కి వచ్చి మన బంకులో చెప్పిపోయాడు.”

“జరక్కూడదని ఏముంది?”

“సిగ్గుండాలి. ఆ అబద్ధం ఒక్కచోటే రాశాను. అక్కకి పంపను కూడా లేదు. టైపు చేసి అట్లాగే వదిలేశాను. పోయిన నెల, అక్కకి మాత్రమే రాసిన నా మోకాలి ఆపరేషన్ గురించి డార్సీ అడిగాడు. అంతకుముందు ఫాదర్ ప్రసంగం వింటే నిద్రొస్తుందని అక్కకి రాస్తే, ఫాదరే వచ్చి ‘ఈ ఆదివారం నిద్ర ఎట్లా పట్టింది వెర్నా’ అన్నాడు. ఎవరు చదువుతున్నారో తేల్చుకుందామని వల వేశాను.”

“నీ పరువు నువ్వే తీసుకున్నావా? నన్ను పట్టుకోడానికి?”

“తీసుకున్నాను. గిన్నెలు కూడా తోమాను.”

“అబ్బో, పెద్ద నేరం! మొగుణ్ణి, చదివాను. నీకూ నాకూ మధ్య దాపరికాలేంటి?”

“నా మాట నీకూ నాకూ మధ్యే ఉంటే ఏడుస్తానా? నీకూ నాకూ ఆ కాఫీ బల్ల చుట్టూ కూర్చున్న దద్దమ్మలందరికీ మధ్య ఉంది.”

“ఏదో నవ్వుకోడానికి చెప్పాను. అక్కడ కూర్చుంటే ఏదో ఒకటి చెప్పాలిగా. ప్రతివాడూ చెప్తాడు.”

“అయితే మన కనోలా నూనెగింజల పంట సంగతి చెప్పు.”

“ఏంటి?”

“ఈసారి ఎకరానికి కనోలా ఎన్ని బుషెళ్లు దిగిందో చెప్పు. అసలు అంకె.”

“మతి పోయిందా నీకు? పంట అంకె ఎవడైనా చెప్తాడా? అసలు అడగడమే మర్యాద కాదు!”

“అవును, అందరూ సగానికి తగ్గించి బీద అరుపులు అరుస్తూ కాఫీ తాగుతారు. రేపు నేనొస్తాను. ఆ బల్ల దగ్గర నిలబడి అసలు అంకె చెప్తాను. ఏం, తాళాల్లేని ఊరుగా మనది?”

“వెర్నా! నీకు దణ్ణం పెడతా. ఆ మాట బయటికి పోతే నేను తలెత్తుకోలేను.”

“చూశావా ఎట్లా ఎగిరిపడ్డావో? గుప్పెడు గింజల కోసం.”

“సరే. సరే తల్లీ. పెట్టుకో నీ పాస్‌వర్డ్. నేను చూడను. కావాలంటే గోడవైపు తిరిగి నిలబడతా.”

“ఆ అబద్ధం కింద ఇంకోటి కూడా రాశాను. అదీ చదివావా?”

“వాన తగ్గినట్టుంది. మిషన్ బెల్టు చూడాలి.”

“వాన తగ్గలేదు. చదివావా?”

“ఏది?”

“కోతలయ్యాక సాస్కటూన్ వెళ్లిపోతానని రాసింది. అక్క వాళ్ల కింది వాటా ఖాళీగా ఉందని. మళ్లీ రానని.”

“...కెటిల్ కూస్తోంది. ఆపు.”

“కూయనీ. మోకాలు చెప్పావు, ఫాదర్ ప్రసంగం చెప్పావు, పెరోగీలు చెప్పావు. అది మాత్రం బంకులో ఎందుకు చెప్పలేదు?”

“అది... అది ఇంటి సంగతి వెర్నా. పదిమందిలో పెట్టుకునేదా?”

“ఓహో. అది ఇంటి సంగతి.”

“పెరోగీల మాట అబద్ధమన్నావుగా. అదీ అంతేగా? అదీ నన్ను పట్టుకోడానికే రాశావుగా?”

“ఎప్పుడు చదివావు?”

“ఆదివారం. నువ్వు చర్చికి వెళ్లినప్పుడు.”

“ఇవాళ శుక్రవారం. ఇన్ని రోజులూ నా చేతి వంటే తిన్నావు, నా పక్కనే పడుకుని గురక పెట్టావు. వెళ్లొద్దనో, ఎందుకు వెళ్తున్నావనో, పోతే పొమ్మనో... ఒక్కమాట. ఒక్కమాటైనా అడిగావా నన్ను?”

“గురక కాదది. నిద్ర పట్టలేదు నాకు.”

“మరి ఎందుకు అడగలేదు?”

“అడిగితే... చదివానని నీకు తెలిసిపోదూ?”

“తెలిసిపోయిందిగా. ఇప్పుడు అడుగు.”