ఎదురింటావిడ కడుపుమంట

మర్నాడు నర్సింగ్ కోర్సులో కోడలికి ప్రాక్టికల్ పరీక్ష. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారిని రోగిలా వంటగది బల్ల దగ్గర కూర్చోబెట్టి, ప్రశ్నలడగడం సాధన చేస్తోంది.

"మళ్ళీ మొదట్నుంచా?"

"మొదట్నుంచే అత్తయ్యా. ఇందాక మీరు నవ్వేశారు. రోగి నవ్వకూడదు."

"నవ్వే రోగులుండరా ఏమిటి? సరే, అడుగు. కానీ నేను నేనుగా ఉండను. ఎదురింటావిడలా చెప్తాను. అలాగైతే మాట ధారాళంగా వస్తుంది."

"ఎవరిలా అయినా సరే. వయసెంతమ్మా?"

"యాభై."

"ఎదురింటావిడకి అరవై రెండు."

"ఆవిడ చెప్పేది యాభయ్యే. రోగి చెప్పిందే రాసుకోవాలన్నావుగా."

"రాసుకున్నాను. ఏమిటమ్మా మీ బాధ?"

"కడుపుమంట."

"ఎవరి మీద?"

"రేపు పరీక్షలోనూ ఇలాగే అడుగుతావా? నిజం మంటే. ఇదిగో, ఇక్కడ, డొక్కల మధ్య. గ్యాసు. అందరికీ ఉండేదే. ఒక మాత్రిచ్చేయ్, పోతాను."

"అలా ఇవ్వకూడదు. ముందు అడగాలి, చూడాలి, ఆ తర్వాతే మందు సంగతి. గ్యాసు అని రోగి అన్నా సరే, మనం మాత్రం నమ్మెయ్యకూడదంటుంది మా మేడమ్."

"మీ మేడమ్‌కి ఎప్పుడూ గ్యాసు రాలేదు కాబోలు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలు. రెండున్నర అనుకో."

"మీకు పడనివేమైనా ఉన్నాయా?"

"మా ఆయన అక్క."

"అత్తయ్యా."

"అది ఎదురింటావిడ మాట, నాది కాదు. అయినా ముందు ఆ పుస్తకంలోంచి తలెత్తు. రోగి ఇక్కడుంటే చూపు అక్కడ పెడతావేం?"

"ఎత్తాను. మందులేమైనా వాడుతున్నారా?"

"ఏమీ లేవు."

"ఏమీ లేవా?"

"మోకాళ్ళ నొప్పులకి ఓ తెల్ల మాత్ర. అదీ ఓ మందేనా? షాపతను చీటీ కూడా అడగడు."

"రోజుకెన్ని?"

"రెండు. మెట్లెక్కిన రోజు మూడు."

"మెట్లెప్పుడు ఎక్కుతారు?"

"రోజూ."

"తిన్నాక వేసుకుంటారా?"

"పొద్దున్నే టీతో. తినేదాకా ఆగితే నడిచేదెలా?"

"అబ్బ, ఎంత బాగా చెప్తున్నారో. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉంది."

"బళ్ళో నాటకాలు వేశాన్లే. ఊఁ, తర్వాత?"

"విరేచనం ఏ రంగులో అవుతోంది?"

"ఏమన్నావ్?"

"రంగు."

"పరీక్షలో ఇది కూడా అడుగుతారా? పెద్దవాళ్ళని?"

"పెద్దవాళ్ళనే ముఖ్యంగా అడగాలట."

"నలుపు."

"నలుపంటే?"

"నలుపంటే నలుపే. రోడ్డు మీద పోస్తారే తారు, అలాగ. నాలుగు రోజులైంది. కళ్ళు తిరగడం కూడా రాసుకో. నిన్న బట్టలారేస్తుంటే గోడ పట్టుకోవాల్సొచ్చిందట. రాశావా? ఎన్ని మార్కులొస్తాయి? ఏమిటే, పెన్ను కింద పెట్టేశావు?"

"ఇవన్నీ ఎదురింటావిడ మీతో నిజంగానే చెప్పిందా?"

"ఏదో, మాటల్లో మాటగా."

"అత్తయ్యా, ఇది గ్యాసు కాదు. ఆ మాత్రలకి కడుపులో పుండు పడుంటుంది. రక్తం లోపల కారితే అలా నల్లగా వస్తుంది. ఆవిడ ఇవాళే ఆసుపత్రికి వెళ్ళాలి, ఇప్పుడే. నా చెప్పులేవి?"

"ఎక్కడికి?"

"ఎదురింటికి."

"ఆవిడ ఇంట్లో లేదు."

"బాల్కనీలో నిలబడి జుట్టు దువ్వుకుంటోంది, కిటికీలోంచి కనబడటం లేదూ?"

"దువ్వుకుని పడుకుంటుంది. ఇది ఆవిడ పడుకునే వేళ."

"లేపుతాను."

"అలాంటి మాటలు అడిగితే సిగ్గుతో చచ్చిపోతుంది."

"సిగ్గుతో ఎవరూ చావరు. దీంతో చస్తారు."

"నీకు రేపు పరీక్ష. పుస్తకం సగం కూడా కాలేదు. రేపు సాయంత్రం వెళ్దువుగాని. ఇన్నాళ్ళు ఆగింది, ఒక్కరోజు ఆగలేదా?"

"ఆగలేదు అత్తయ్యా. ఇంకాసేపట్లో కళ్ళు తిరిగి పడిపోతే? పరీక్ష పోతే ఆర్నెల్లకి మళ్ళీ రాస్తాను."

"ఆర్నెల్లా? ఫీజు కట్టడానికి మీ ఆయన సెలవల్లో కూడా పనిచేశాడు. పిల్లని ఒళ్ళో వేసుకుని చదివావు. పరీక్ష ఒక్కటి కానివ్వవే. అది కాగానే ఏదో ఒకటి..."

"అందుకని ఆవిడని వదిలెయ్యమంటారా? మీరా ఈ మాటంటున్నది? మన ఆటో అతనికి ఫోన్ చేస్తున్నాను. హలో, ఆసుపత్రికి వెళ్ళాలి, అర్జంటు. మా వీధేనండీ, నీలం గేటు ఇల్లు, దాని ముందు ఆపండి."

"నీలం గేటు దగ్గర వద్దు."

"మరి ఎదురింటి గేటు అదేగా అత్తయ్యా?"

"మన గుమ్మం ముందే ఆపమను. అంతదూరం నేను నడవలేను."