కొమ్మ నరకందే

పెరటి అరుగు మీద ఇద్దరు: దేశనాయకుడి తల్లి, ఆయన విగ్రహం కింద చెక్కించే కథ రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి.

“మళ్ళీ అక్కడికే వస్తారేంటమ్మగారూ? చిన్నబాబుగారి కేసు నా చేతుల్లో లేదు.”

“ఎదురు చెప్పాడని తమ్ముణ్ణి ఉరి తీయిస్తాడా? అదీ ఈ శుక్రవారమే! పెద్దాడు నా ఫోను ఎత్తడం మానేశాడు. నువ్వైనా ఒక్క ముక్క చెప్పు నాయనా.”

“అయ్యబాబోయ్, పిల్లలు గలవాణ్ణి! ముందు మన పని కానివ్వండి. ‘కొమ్మ నరకందే చిగురు రాదు.’ ఏ గోడ మీద చూసినా ఇదే మాట. అసలెక్కడ పుట్టింది?”

“మనుషుల్ని కాల్చే ముందు మైకులో చదువుతారే, అదేనా?”

“మెల్లిగా, అమ్మగారూ, మెల్లిగా! పుట్టుక చెప్పండి, చాలు.”

“ఇదిగో, ఈ పెరట్లోనే. మా ఆయన తెచ్చిన గులాబీ ఉండేది, అంటుమొక్క. కొడవలి చేతికి దొరికిందని మీ నాయకుడు మొదలంటా కోసేశాడు.”

“ఎంత వయసప్పుడు?”

“పాలపళ్ళు ఊడే వయసు.”

“అప్పుడే అంత దూరదృష్టి!”

“దృష్టీ లేదు, దిబ్బా లేదు. నేను చీపురు తిరగేసేసరికి మంచం కింద దూరాడు.”

“మంచం... మంచం వద్దు లెండి. ‘ఆలోచనలో మునిగారు’ అని రాస్తా. ఆ మాట వచ్చింది అప్పుడేనా?”

“అప్పుడే. ‘కొట్టకమ్మా, కొమ్మ నరకందే చిగురు రాదు’ అని. నాకు నవ్వొచ్చి చీపురు పడేశా.”

“మరి చిగురు వచ్చిందా?”

“రాకేం, వచ్చింది. అంటు కట్టిన చోటుకి కింద కోశాడుగా, గులాబీ కాస్తా పోయి అడుగునున్న అడవిమొక్క లేచింది. ఒళ్ళంతా ముళ్ళు. ఒక్క పువ్వు పూస్తే ఒట్టు.”

“‘చిగురు వచ్చింది’ దగ్గర ఆపేస్తా. బ్రహ్మాండం! అన్నట్టు, ఆ మాట అన్న పిల్లాడి బొమ్మ కూడా పక్కన నిలబెడతారట. చిన్నప్పటి ఫోటో ఉంటే ఇప్పించండి, శిల్పి ముఖం చూసుకుంటాడు.”

“ఫోటో ఎందుకు? మనిషే ఉన్నాడుగా, ఇంకా.”

“నాయకుడుగారికి తీరికెక్కడిదమ్మా!”

“వాడు మంచం కింద నోరెత్తితే కదా! అన్నకి దెబ్బలు తగలకుండా నా చీపురుకి అడ్డం పడి ఆ మాట అన్నది చిన్నాడు. శుక్రవారం లోపే జైలుకెళ్ళి ముఖం చూసుకోమను, మీ శిల్పిని.”