ఇక్కడెక్కడోగారు

ఏంటమ్మాయ్, తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్లని తిప్పే ఉద్యోగమా నీది? భేష్. అయితే ఇక్కడెక్కడోగారి సంగతి తెలియాలి నీకు. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు విరిగింది. మా అల్లుడు బాగుచేస్తానని రెండేళ్లు... సరే, వాడి ఊసెందుకు. ఆ ఇక్కడెక్కడోగారు రికార్డాఫీసు గుమాస్తా. రిటైరయ్యాక ఈ పనిలో దిగాడు, కారు నాది, తోలేదీ నేనే. మిగతా గైడ్లు ఏ పాత గోడ కనబడినా "ఇదేనండీ మీ తాతగారిల్లు!" అని గోరంతలు కొండంతలు చేసేవాళ్లు. ఈయన రిజిస్టర్లన్నీ తిరగేసి, రుజువు దొరక్కపోతే "ఇక్కడెక్కడోనండీ" అనేవాడు. పేరు అలా స్థిరపడిపోయింది. హోటలువాళ్లు మొహం మీదే నవ్వేవాళ్లనుకో.

ఒకసారి ఒక పెద్దావిడొచ్చింది. వాళ్లమ్మ పసితనంలోనే కన్నవాళ్లతో ఓడెక్కి పరాయిదేశం వెళ్లిపోయిందట. అమ్మ పుట్టిన ఇంటి గోడ ఒక్కసారి ముట్టుకోవాలని ఆవిడ కోరిక. మన మాటలు నాలుగే వచ్చు: అమ్మ, ఇల్లు, నీళ్లు, ఇదేనా. మూడు రోజులు ప్రతి గుమ్మం ముందూ "ఇదేనా?" "ఇక్కడెక్కడోనమ్మా." ఇళ్ల నంబర్లు ఎప్పుడో మార్చేశారు, ఇంకెక్కడ దొరుకుతుంది? మూడోరోజు సాయంత్రం ఆవిడ రైలు. నేనుండబట్టలేక, "గురువుగారూ, మీ సొమ్మేం పోయింది, ఒక్కమాట అనేయండి" అని చెవిలో పోరాను. ఆవిడ పిండిమర గోడ ముందు ఆగి "ఇదేనా?" అంది. ఆయన నావైపు చూశాడు. "ఇదేనమ్మా" అన్నాడు.

ఆవిడ ఆ గోడకి చెంప ఆనించి ఏడ్చిన ఏడుపు... రాలిన సున్నంపెచ్చు రుమాల్లో మూటగట్టుకుంది. రైలు కదిలాక ఆయన, "ఏవయ్యా, ఆ గోడకి నీకంటే వయసు తక్కువ" అన్నాడు. అంతే. మళ్లీ ఎవర్నీ తిప్పలేదు. నేనూ మొహం చెల్లక వెళ్లలేదు. ఆ తర్వాత రెండేళ్లకి పోయాడని పేపర్లో చూశాను. ఆవిడ సంతోషంగానే వెళ్లిందిగా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. ఒక్కోరోజు సర్దుకోదు.

ఏంటీ, ఆయన ఇల్లు చూస్తావా? ఇల్లంటే... ఎప్పుడూ ఈ వీధి మలుపులోనే నిలబడేవాడమ్మా, ఇక్కడే ఎక్కించుకునేవాణ్ని, ఇక్కడే దింపేవాణ్ని. పన్నెండేళ్లు. ఒక్కరోజైనా గుమ్మందాకా వెళ్లలేదు. రోడ్డు వెడల్పు చేశాక సగం ఇళ్లు పోయాయి కూడాను. అదిగో, ఆ నీలం తలుపు ఉందే, అదే అని చెప్పేయొచ్చు నీకు...

ఇక్కడెక్కడోనమ్మా.

టీ తాగు, చల్లారిపోతోంది.